రెండు పాత తలుపుల మీద రెండు రాష్ట్రాలు

జూన్ 21

నంద్యాలలో మా బడి వెనక పాత గది కూల్చినప్పుడు మిగిలిన తలుపులు రెండు, నాలుగేళ్లుగా వంటగది గోడకు ఆనుకుని ఉన్నాయి. ఒక్కొక్కటి ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. పక్కపక్కన పరిస్తే ఆరడుగుల చదరం. హెడ్మాస్టరు గారిని అడిగాను. "ఏం చేస్తారమ్మా వీటితో?" అన్నారు. "ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పరుస్తాను సార్" అన్నాను. కాసేపు నా ముఖం చూసి, బీరువా తాళం ఇచ్చి వెళ్లిపోయారు. ఒప్పుకున్నట్టే లెక్క.

ఈ ఎత్తుపల్లాల నమూనాకు కారణం పోయిన వారం పెట్టిన చిన్న పరీక్ష. గోదావరి తూర్పుకు ఎందుకు పారుతుంది అని అడిగితే ఎనిమిదో తరగతిలో 34 మందిలో 31 మంది "సముద్రం తూర్పున ఉంది కాబట్టి" అని రాశారు. నది పుట్టిన త్ర్యంబకేశ్వరం నుంచి పడమటి సముద్రం సుమారు 80 కిలోమీటర్లే. అంత దగ్గర సముద్రాన్ని వదిలేసి 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. దక్కను పీఠభూమి తూర్పుకు వాలి ఉంది అని నేను చెప్పాను, వాళ్లు రాసుకున్నారు. ఆ వాలు వాళ్లెవరికీ కనపడలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఎప్పుడూ కనపడలేదు.

అప్పుడే చివరి బెంచీలోంచి ఒక ప్రశ్న వచ్చింది. అడిగినవాడు గొర్రెల కాపరి కొడుకు, సెలవుల్లో నాన్నతో పాటు నల్లమల అంచుల్లో తిరిగేవాడు. "మరి మన కుందూ ఏరు కడప దిక్కుకు పోతుంది కదా మేడమ్? అది దక్షిణం కదా?" నేనేదో చేతులు తిప్పి చెప్పాను. వాడు తల ఊపాడు, మర్యాదకు. ఆ తల ఊపడం నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు.

జూన్ 25

కొలతలు. ఉత్తరం నుంచి దక్షిణానికి రెండు రాష్ట్రాలూ కలిపి 800 కిలోమీటర్లు దాటతాయి, తూర్పు పడమరలూ ఇంచుమించు అంతే. సెంటీమీటరుకు 5 కిలోమీటర్లు అనుకుంటే తలుపుల మీద చుట్టూ కాస్త సముద్రం, కాస్త పొరుగు రాష్ట్రం మిగులుతూ సరిపోతుంది. అందరికీ సంబరం.

ఆ సంబరం ఎత్తుల లెక్క దగ్గర దిగిపోయింది. తూర్పు కనుమల్లో అన్నింటికంటే ఎత్తైన అర్మ కొండ సుమారు 1,680 మీటర్లు. ఇదే కొలతలో అది మూడున్నర మిల్లీమీటర్లు కూడా లేదు. హైదరాబాదు ఒక మిల్లీమీటరు. అంటే మనం ఘాట్ రోడ్డులో వాంతులు చేసుకుంటూ ఎక్కే కొండలు, నిజమైన నిష్పత్తిలో తలుపు మీద అంటిన అన్నం మెతుకంత. పిల్లలు నమ్మలేదు. ముగ్గురు మళ్లీ లెక్క కట్టారు, మళ్లీ అదే వచ్చింది.

కాబట్టి అందరూ చేసే మోసమే మేమూ చేస్తున్నాం: ఎత్తుకు వేరే కొలత. సెంటీమీటరుకు 200 మీటర్లు. ఎత్తు 25 రెట్లు పెరిగింది. ఇప్పుడు అర్మ కొండ ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, హైదరాబాదు దాదాపు మూడు, విజయవాడ ఒక మిల్లీమీటరు. ఈ 25 రెట్ల సంగతి నమూనా మూల పెద్ద అక్షరాలతో రాయాలి. చూసినవాళ్లు మన కొండలు హిమాలయాలనుకుంటారు.

కిరాణా కొట్టు నుంచి అయిదు పొరల అట్టపెట్టెలు తెచ్చారు. అట్ట మందం సరిగ్గా అయిదు మిల్లీమీటర్లు. అంటే ఒక అట్ట వంద మీటర్లు! ఇంత కలిసిరావడం నా ఉద్యోగంలో మొదటిసారి.

జూలై 2

ఎత్తులు ఎక్కడ దొరుకుతాయి? పాఠ్యపుస్తకంలో రంగుల పటం ఉంది, కానీ అందులో ఆకుపచ్చ ఎక్కడ ఆగి పసుపు ఎక్కడ మొదలైందో అచ్చుయంత్రానికే తెలియాలి. ఆ పటాన్ని గళ్లు గీసి పెద్దది చేశాం, ఆకారం కోసం. అంకెలు మాత్రం రెండు చోట్ల దొరికాయి, రెండూ మన కళ్ల ముందే ఉండేవి.

మొదటిది రైలు స్టేషన్లలో ఊరి పేరున్న పసుపు బోర్డు. చాలా బోర్డుల అడుగున సముద్రమట్టం నుంచి ఎత్తు చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. వలస వెళ్లిన మేనమామలు, సైన్యంలో ఉన్న అన్నలు, హైదరాబాదులో చదువుతున్న అక్కలు అందరూ ఫొటోలు పంపుతున్నారు. ఇప్పటికి 19 స్టేషన్లు వచ్చాయి. అరకు దారిలో శిమిలిగుడ 996 మీటర్లు. అది చూసి పిల్లలు "మన నంద్యాల 200 చిల్లరే, పాపం" అన్నారు. పాపం ఎందుకో తెలియదు.

రెండోది ఇంకా బాగుంది. వానాకాలం వస్తే దినపత్రికలో రోజూ పడే జలాశయాల పట్టిక. శ్రీశైలం 885 అడుగులు, నాగార్జునసాగర్ 590 అడుగులు. మా ఇంట్లో అందరూ ఆ అంకెల్ని లోతు అనుకునేవాళ్లు, శ్రీశైలంలో 885 అడుగుల లోతు నీళ్లున్నాయని మా మామగారు ఇప్పటికీ వాదిస్తారు. అది లోతు కాదు. ఆ నీటి పైమట్టం సముద్రం కంటే ఎంత ఎత్తులో ఉందో ఆ అంకె చెబుతుంది. అంటే పత్రిక రోజూ మనకు కృష్ణ ఎత్తుల పట్టిక ఉచితంగా ఇస్తోంది.

పిల్లలతో వరుసగా రాయించాను. తుంగభద్ర 1,633 అడుగులు (అది మా తలుపు బయట, కర్ణాటకలో). జూరాల 1,045. శ్రీశైలం 885. సాగర్ 590. పులిచింతల 175. ప్రకాశం బ్యారేజీ 57. మీటర్లలోకి మార్చి అట్టల లెక్క వేస్తే అయిదు, మూడుకు కాస్త పైన, మూడుకు కాస్త తక్కువ, రెండుకు కాస్త తక్కువ, సగం, చివరికి అట్టలో ఆరో వంతు. మొదటిసారి వాలు కనపడింది, అదీ బల్ల మీద కాదు, పుస్తకంలో అంకెల వరుసలో. గొర్రెల కాపరి కొడుకు చూపుడువేలు ఒక్కో అంకె మీద పెట్టి దించుకుంటూ వచ్చాడు, మెట్లు దిగినట్టు.

జూలై 13

అట్టలు కత్తిరించడం. దీని గురించి రాయడానికి ఏమీ లేదు. బొబ్బలు.

జూలై 17

గోదావరి దగ్గర పెద్ద పొరపాటు జరిగింది. ఆ వైపు చేస్తున్న జట్టు కూడా పత్రిక పట్టుకునే పని చేసింది. శ్రీరాంసాగర్ 1,091 అడుగులు, బాగుంది. ఎల్లంపల్లి 148 మీటర్లు, బాగుంది. తరవాత భద్రాచలం. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. సరే, 43 అడుగులంటే 13 మీటర్లు అనుకుని భద్రాచలాన్ని దాదాపు చెక్క మట్టానికి తవ్వేశారు. పాపికొండల కంటే ముందే గోదావరి సముద్రమట్టానికి చేరిపోయింది. ఇక అక్కడి నుంచి రాజమహేంద్రవరం దాకా నదికి పారే పని లేదు.

జట్టులో ఒక పిల్లకే అనుమానం వచ్చింది. "రాజమహేంద్రవరం స్టేషనూ, భద్రాచలమూ ఒకే ఎత్తు అయితే వరద ఎందుకు కిందికి వస్తుంది మేడమ్?" ఈ ఒక్క ప్రశ్నకు నా జీతం గిట్టింది. జలాశయాల అంకె సముద్రం నుంచి కొలిచింది. భద్రాచలం అంకె మాత్రం అక్కడి స్నానఘట్టం దగ్గర నాటిన కొలబద్ద మీది గుర్తు. దాని సున్నా దానిదే. ఒకే పేజీలో, ఒకే 'అడుగులు' అన్న మాటతో, రెండు వేరువేరు సున్నాల నుంచి కొలిచిన అంకెలు. ఇంతకాలం నేనూ గమనించలేదు. భద్రాచలాన్ని మళ్లీ అర అట్ట ఎత్తుకు నింపాం.

జూలై 29

అట్టల మీద గుజ్జు. ఇక్కడ అమ్మమ్మల విద్య పనికొచ్చింది. పాత కాగితాలు మూడు రోజులు నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రోట్లో రుబ్బి చేటలకు పూసేవాళ్లు కదా, అదే. మెంతుల జిగట కాగితాన్ని పట్టి ఉంచుతుంది. ఒక పిల్ల వాళ్ల నాయనమ్మను బడికే తీసుకొచ్చింది. ఆవిడ మా గుజ్జు చేత్తో చూసి "ఇది గుజ్జా, గంజా?" అని, మళ్లీ రుబ్బించింది. పుస్తకాల బైండింగు చేసేవాళ్లు మైదా జిగురులో కలిపే మైలుతుత్తం చిటికెడు నేనే కలిపాను, పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు. లేకపోతే ఎలుకలు తెలంగాణ తినేస్తాయి.

ఆరేటప్పుడు గుజ్జు ముడుచుకుంటుందని నాయనమ్మ చెప్పింది. మేము వినలేదు, నల్లమలను ఒకేసారి మందంగా పెట్టేశాం. మూడో రోజు ఉదయానికి నల్లమల మొత్తం ఒక ముక్కగా ఊడి చేతిలోకి వచ్చింది. ఇప్పుడు పలుచగా, రోజుకో పూత.

ఆగస్టు 7

రెండు పూతల ఎనామిల్ రంగు వేసి, ఆరాక మొదటి నీటి పరీక్ష. నీలిమందు కలిపిన నీళ్లు, మొక్కలకు పోసే క్యాను. హెడ్మాస్టరు గారు కూడా వచ్చారు, పిలవకుండానే.

గోదావరి కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకుని, శ్రీరాంసాగర్ దాకా వచ్చి, ఆగింది. ఆగి, వెనక్కి తిరిగింది. మహారాష్ట్ర వైపు పారి, తలుపు అంచు మీదుగా నా చీర మీద పడింది.

ఇక కృష్ణ. జూరాల దాటింది, తుంగభద్రను కలుపుకుంది, శ్రీశైలం దాకా బాగానే వచ్చింది. శ్రీశైలానికీ సాగర్‌కూ మధ్య మాయమైంది. ఎక్కడికి పోయిందా అని వెతికితే బల్ల కింద నేల తడిసి ఉంది. రెండు తలుపులు కలిసే అతుకు సరిగ్గా ఆ రెండు ఆనకట్టల మధ్య నుంచి వెళుతుంది. మా కృష్ణ నాగార్జునసాగర్ చేరకుండానే పాతాళగంగ అయింది.

హెడ్మాస్టరు గారు ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువగా గుచ్చుకుంది.

ఆగస్టు 9

అతుకుకు మైనం కరిగించి పోశాం. అది తేలిక. గోదావరి ఎందుకు వెనక్కి తిరిగిందో తేలడానికి సాయంత్రం అయింది. అట్టలు మళ్లీ లెక్కపెట్టాం, సరిగ్గానే ఉన్నాయి. ఒక పిల్లవాడి నాన్న తాపీ మేస్త్రీ. ఆయన నీళ్లు నింపిన సన్నటి గొట్టం తెచ్చి తలుపుల రెండు కొసల మట్టం చూశాడు. పడమటి వైపు అంగుళం దిగువన ఉంది! గది కడిగితే నీళ్లు గుమ్మం వైపు పోవాలని నేలను వాలుగా కట్టారు. గుమ్మం పడమర.

అంగుళం అంటే మా లెక్కలో 500 మీటర్లు. అంటే పడమటి తెలంగాణ ఎత్తునంతా ఈ గది నేల ఒక్క వాలుతో మింగేసింది. పీఠభూమి తూర్పుకు వాలి ఉండటం అంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పే పాఠం నేను రాయలేను. బెంచీల కాళ్ల కింద నాపరాయి ముక్కలు పెట్టగానే గోదావరి తన దారిన తాను పోయింది. పాపికొండల సందులోంచి దూరి ధవళేశ్వరం దగ్గర విప్పుకుంది. ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆగస్టు 16

ఈ పేజీ కాస్త పెద్దది.

ఈ రోజు కుందూ వంతు. మా లోయ నమూనా మీద అరచేతి వెడల్పు: తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, మధ్యలో నల్లరేగడి నేల. ఓర్వకల్లు దగ్గర ఎర్రమలలో పుట్టిన కుందూ ఈ లోయ పొడవునా దక్షిణానికి దిగి, కడప జిల్లా కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. సుమారు 200 కిలోమీటర్లు, మా తలుపు మీద మూరకు కాస్త తక్కువ. గొర్రెల కాపరి కొడుకు చేతికే గ్లాసు ఇచ్చాను. నంద్యాల మీద పోశాడు.

నీళ్లు ఉత్తరానికి పోయి శ్రీశైలం దగ్గర కృష్ణలో కలిసిపోయాయి.

వాడు నన్ను చూశాడు. ఈసారి తల ఊపలేదు. "మన ఏరు అట్లా పోదు మేడమ్."

నిజమే, పోదు. తప్పు ఎక్కడో వెతికితే అట్ట దగ్గరే దొరికింది. మా అట్ట వంద మీటర్లు. నంద్యాల 200 దాటి కొంచెం. ఉత్తరాన లోయకూ కృష్ణకూ మధ్య ఉన్న గట్టు నంద్యాల కంటే కొన్ని పదుల మీటర్లే ఎత్తు. రెండూ ఒకే అట్ట మీద పడ్డాయి కాబట్టి మా నమూనాలో ఆ గట్టు లేదు. చెక్కిన కృష్ణ లోయ మాత్రం లోతుగా ఉంది. నీటికి ఇంకేం కావాలి?

ఆ గట్టు చూడటానికి గట్టులా ఉండదు. రోడ్డు మీద బస్సులో పోతే తెలియనే తెలియదు. కానీ ఇటు పడ్డ చినుకు పెన్నకు, అటు పడ్డ చినుకు కృష్ణకు. ఇలాంటి సన్నటి గట్టు కాబట్టే కాలువలు దాన్ని దాటగలిగాయి. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి కర్నూలు–కడప కాలువ తవ్వింది, పడవలు నడపాలని కూడా. కె.సి. కాలువ అంటే మా ఊళ్లో అందరికీ తెలుసు, మా పొలాలు దాని కిందివే. అది ఒక నది నీటిని ఇంకో నది లోయలోకి దాటిస్తున్నదని మాత్రం తరగతిలో ఒక్కరూ అనుకోలేదు.

ఇంకొకటి బయటపడింది. శ్రీశైలం నిండితే 885 అడుగులు, అంటే 270 మీటర్లు. నంద్యాల 200 చిల్లర. కొండల అవతల ఎక్కడో లోయలో ఉందనుకున్న జలాశయం మన ఊరి కంటే ఎత్తులో ఉంది! పోతిరెడ్డిపాడు దగ్గర తూములు ఎత్తితే నీళ్లు బానకచెర్ల మీదుగా మా వైపు పంపు లేకుండా రావడానికి కారణం అదే. ఈ అంకెల మీద రెండు రాష్ట్రాల పెద్దలు ఎంత వాదించుకుంటారో పిల్లలు టీవీలో చూస్తూనే ఉంటారు. "దీని గురించేనా మేడమ్ ఆ గొడవ?" అని ఒకడు ముక్కు దగ్గరగా పెట్టి చూశాడు. వాళ్లు వాదించుకునే రెండు శ్రీశైలం మట్టాల మధ్య తేడా మా నమూనాలో గోరంత మందం కూడా ఉండదు.

గట్టు ఎలా కట్టాలి? అట్ట మందం ఎక్కువ. ఒక కాగితం దాదాపు 0.1 మిల్లీమీటరు, మా లెక్కలో రెండు మీటర్లు. బీరువాలో జూన్ పరీక్ష జవాబు పత్రాలు 34 ఉన్నాయి. వాటిలో 31 "సముద్రం తూర్పున ఉంది కాబట్టి" అన్నవే. వాటిని సన్నటి పట్టీలుగా కత్తిరించి, ఒకదాని మీద ఒకటి అంటించాం. 68 మీటర్ల గట్టు. ఇది సర్వే వాళ్ల కొలత కాదు, నంద్యాలకు పైన, ఎర్రమలకు కింద ఉంటే చాలు. రంగు ఆరాక రేపు.

ఆగస్టు 18

దక్షిణానికి పోయింది.

వాడు మూడు గ్లాసులు పోశాడు. మూడుసార్లూ పోయింది. నల్లమల గోడకు ఒరుసుకుంటూ, కోవెలకుంట్ల దాటి, పెన్న దాకా. తరవాత వాడే చెప్పాడు, నేను చెప్పాల్సింది: "తూర్పుకు పోదామంటే నల్లమల అడ్డం, అందుకని పక్కకు పోయి సందు వెతుక్కుంది." ఆ సందు పెన్నది. సోమశిల దగ్గర వెలికొండలను కోసుకుని పెన్న నెల్లూరు వైపు దిగుతుంది. కుందూ కూడా చివరికి తూర్పు సముద్రానికే చేరుతుంది, కాకపోతే చుట్టు తిరిగి.

నేను కలిపింది ఒక్కటే. ఈ లోయ అడుగున ఉన్నవి మెత్తని సున్నపురాయి, పలకల్లా విడిపోయే రాళ్లు. నల్లమలలో ఎక్కువ భాగం గట్టి క్వార్ట్‌జైట్. కోట్ల సంవత్సరాలు వాన ఒకేలా పడినా మెత్తనిది ముందు అరిగింది. మన లోయ పుట్టింది అలా.

సెప్టెంబరు 5

వానల పాఠం. జూన్‌లోనే మొదలుపెట్టిన వాన సీసాల సంగతి ఇక్కడ రాస్తున్నాను. నిలువు గోడల ప్లాస్టిక్ సీసా మెడ కోసి, ఆ మెడనే తలకిందులుగా గరాటులా పెట్టి, అడుగున ఉండే గుంతలు నిండేదాకా గులకరాళ్లు, నీళ్లు పోసి అక్కడ సున్నా గీశాం. పక్కన స్కేలు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. ఇది తెలిశాక ఒక పిల్ల వాళ్ల మిద్దె వైశాల్యం కొలిచి, "14 మిల్లీమీటర్ల వానకు మా మిద్దె మీద 900 లీటర్లు పడ్డాయి, అన్నీ వీధిలోకే" అని ఇంట్లో గొడవ పెట్టుకుంది.

ఆరు సీసాల్లో రెండు వేపచెట్టు కింద పెట్టారు. వాటిలో ఎప్పుడూ తక్కువే, వాన ఆగాక మాత్రం గంటసేపు పడుతూనే ఉండేది. ఒకదాన్ని మేక తోసేసింది. మిగిలిన మూడూ రెండు మిల్లీమీటర్లకు మించి తేడా లేకుండా వచ్చాయి, నేను ఊహించిన దానికంటే మేలు.

ఊరి పెద్దలకు మిల్లీమీటర్లు పట్టవు. వాళ్లు కార్తెలు చెబుతారు, పదును చెబుతారు. 'ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు' అని తాత చెప్పిన సామెతను ఒకడు నోటుబుక్కులో రాసి, పక్కనే ఆరుద్ర కార్తెలో మా సీసా లెక్క రాశాడు: 61 మిల్లీమీటర్లు. దారిద్ర్యం గడిలో ప్రశ్నార్థకం పెట్టాడు.

నమూనా మీద వానను ఎలా చూపాలి? టేబుల్ ఫ్యాను, అగరుబత్తీల కట్ట. నైరుతి నుంచి గాలి వదిలాం. పొగ అనంతపురం మీదుగా హాయిగా పారిపోయింది. అలా అయితే అనంతపురంలో వాన బాగా పడాలి, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే ఎందుకు? ఎందుకంటే దాన్ని ఎండబెట్టే గోడ మా తలుపు మీద లేదు. పశ్చిమ కనుమలు మా పటానికి బయట, కర్ణాటక పడమటి వైపున ఉన్నాయి. బడి పెరట్లోంచి ఇటుకలు తెచ్చి తలుపుకు పడమరగా మూడడుగుల దూరంలో వరుసగా పేర్చాం. ఇప్పుడు పొగ ఇటుకలను గుద్దుకుని పైకి లేచింది. మేఘం లేస్తే చల్లబడుతుంది, చల్లబడితే వాన అక్కడే దించేస్తుంది. ఇవతలికి వచ్చేది ఖాళీ గాలి. పొగ వాన కురిపించదు కాబట్టి ఇది సగం బొమ్మలాటే, ఆ మాటా పిల్లలకు చెప్పాను. కానీ మన రాయలసీమ కరవుకు మూలం మన పటంలోనే లేదన్న సంగతి వాళ్లకు బాగా పట్టింది. పటం అంచు దగ్గర భూమి అయిపోదు కదా.

ఫ్యాను ఈశాన్యానికి తిప్పాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు తడిసేది ఈ గాలితోనే. అక్కడి నుంచి వెలికొండలు, నల్లమల దాటి వచ్చేసరికి అనంతపురానికి ఇటు నుంచి కూడా పెద్దగా మిగలదు. రెండు వైపులా పంక్తి చివర కూర్చున్నవాడికి వడ్డన ఎలా ఉంటుందో అలా.

సెప్టెంబరు 24

నేలలు, ఖనిజాలు. రంగులు వేయకుండా అసలు మట్టే అంటించాలని పిల్లల పట్టు. ఎర్రమట్టి తేలిక, జల్లెడ పట్టి జిగురు మీద చల్లితే ఉండిపోయింది. మా నల్లరేగడి మాత్రం తడిపి పూస్తే రెండు రోజుల్లో నెర్రెలు విచ్చి, అంచులు లేచి, పెచ్చులుగా రాలింది. ఎండాకాలం మా పొలాలు చేసే పనే. తడిస్తే ఉబ్బడం, ఆరితే ముడుచుకోవడం దాని గుణం. చివరికి పొడిగా దంచి చల్లాం.

ఖనిజాల ముక్కలు ఊళ్ల నుంచి వచ్చాయి. గోదావరిఖనిలో ఉండే మేనమామ రాక్షసి బొగ్గు గుప్పెడు పంపాడు. సింగరేణి గనులున్న ఊళ్లన్నీ గుర్తుపెట్టి బొగ్గు ముక్కలు అంటిస్తే, బెల్లంపల్లి నుంచి గోదావరిఖని, మణుగూరు, కొత్తగూడెం, సత్తుపల్లి దాకా అన్నీ గోదావరి వెంట ఒకే చాలులో పడ్డాయి. ఎప్పుడో నేల కుంగి ఏర్పడిన పొడవాటి పల్లం అది. అందులో 25 కోట్ల సంవత్సరాలకు ముందటి అడవులు పూడిపోయి బొగ్గయ్యాయి. గోదావరి కూడా ఆ పాత పల్లాన్నే పట్టుకుని నడుస్తోంది. "అయితే నది, బొగ్గు ఒకే గుంటలో పడ్డాయి" అని ఒక పిల్ల తేల్చేసింది. ఇలాంటి వాక్యం మా పాఠ్యపుస్తకంలో లేదు, ఉండాల్సింది.

మంగంపేట ముగ్గురాయి తెచ్చిన రోజు అందరూ దాన్ని చేతులు మార్చుకున్నారు. చూడటానికి మామూలు బూడిదరంగు రాయి, పడితే కాలు విరిగేంత బరువు. అదే పరిమాణం నీటికి నాలుగు రెట్లు పైగా తూగుతుంది. ఆ బరువు కోసమే నూనె బావులు తవ్వేటప్పుడు దీని పొడి బురదలో కలిపి పోస్తారు, లోపలి గ్యాసు పైకి తన్నకుండా. ఈ పొడితో ముగ్గు ఎవరు వేశారో, ఆ పేరు ఎందుకొచ్చిందో అని అరగంట చర్చ నడిచింది. గూడూరు నుంచి వచ్చిన అభ్రకం రేకును ఒకడు ఊడదీస్తూ ఊడదీస్తూ మొత్తం పోగొట్టాడు.

మా సొంత రాయి నాపరాయి. బేతంచెర్ల వైపు పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. పొడి చేసి నిమ్మరసం పిండితే సన్నగా నురగ వచ్చింది. వాన నీటిలోనూ కాస్త ఆమ్లం ఉంటుంది, అదే పని అది లక్షల ఏళ్లు చేస్తే గుహ. మా జిల్లాలోనే ఉన్న బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవు. తలుపు మీద ఆరున్నర మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. గుండుసూదితో ఒక గీత.

అక్టోబరు 19

తీరం. ఆంధ్రప్రదేశ్ తీరం 974 కిలోమీటర్లని నేను ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. ఇప్పుడు ప్రభుత్వ లెక్క 1,053. సముద్రం పెరగలేదు, భూమీ కలవలేదు. పాతసారి చిన్న పటం మీద కొలిచారు, ఈసారి మరింత పెద్ద పటం మీద, వంపులన్నీ తిరుగుతూ కొలిచారు. పిల్లలకు నమ్మకం కుదరలేదు. సరే, మీరే కొలవండి అని మొదట నవారు ఇచ్చాను. 176 సెంటీమీటర్లు. తరవాత గాజుల దారం. కోరింగ దగ్గర, పులికాట్ దగ్గర దారం లోపలికి దూరి దూరి వచ్చింది: 193. కుట్టుదారంతో మూడోసారి కొలుస్తామన్నారు, గంట కొట్టేశారు.

నవంబరు 11

నమూనాను నీళ్ల గదిలోంచి సభ హాలుకు తీసుకెళ్లాలి. ఆరడుగుల చదరం, గుమ్మం వెడల్పు మూడున్నర. నిలబెట్టి దూర్చవచ్చు, కానీ అంటించినవన్నీ రాలతాయి. మేస్త్రీ వచ్చి చూసి, అతుకు దగ్గర విడదీసి తీసుకెళ్లి మళ్లీ కలపమన్నాడు. అంటే శ్రీశైలానికీ సాగర్‌కూ మధ్య మళ్లీ మైనం గీకాలి. పిల్లలు ఓటు వేశారు: నమూనా ఇక్కడే ఉంటుంది, చూసేవాళ్లే ఇక్కడికి రావాలి.

నిన్న ఉదయం తలుపు తెరిస్తే గొర్రెల కాపరి కొడుకు అప్పటికే లోపల ఉన్నాడు, కిటికీ ఊచ ఒకటి ఊడి ఉంటుంది. పత్రిక ముందు పరుచుకుని, జలాశయాల పట్టిక చూసి, శ్రీశైలం దగ్గర గుచ్చిన సూదికి కట్టిన నీలం దారాన్ని ఒక వెంట్రుకంత కిందికి దించుతున్నాడు. పక్కన సుద్దతో అంకె రాశాడు. రోజూ చేస్తున్నాడట, ఆగస్టు నుంచి.

మిగిలిన పనులు: 25 రెట్ల బోర్డు ఇంకా రాయలేదు. సోమశిల దగ్గర పెన్న దారిలో గుజ్జు గడ్డ ఒకటి అడ్డం ఉంది, పిన్నుతో గీకాలి. కొల్లేరు మర్చిపోయాం.